చాంగ్‌జిన్ కొండల నుంచి వచ్చినవాళ్లు, రానివాళ్లు

చలి అంటే మనకు కొత్త కాదు. లంబసింగిలో, అరకు పై ఊళ్లలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటుంది. పిల్లలు నెగడు చుట్టూ చేరి, ఒక చేయి వెచ్చబడగానే రెండో చేయి చాస్తారు. మన చలి సున్నా డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. 1950 చలికాలంలో కొరియా ఉత్తరాది కొండల్లో అది సున్నాకు కింద 30 డిగ్రీల దాకా దిగింది. ఆ చలిలో, నాలుగు వైపులా శత్రువు కమ్ముకున్న సైనికులు పోరాడుతూ సముద్రం ఒడ్డుకు చేరారు. ఆ కథను ఇక్కడ చెప్పుకుందాం.

ఎక్కడో దూరదేశంలో, ఎవరి సైన్యాలో చేసిన యుద్ధం మనకెందుకని ఎవరైనా అడగవచ్చు. అది కొండల మీద జరిగిన యుద్ధం, అందుకే రాస్తున్నాం. కొండల మీద జరిగిన యుద్ధాల చరిత్రను చాలాసార్లు కొండ బయటివాళ్లే రాశారు. అలాంటి చరిత్ర ఎవరిని లెక్కపెడుతుంది, ఎవరిని వదిలేస్తుంది అని చూడటం మన పిల్లలు నేర్చుకోవాల్సిన చదువు. ఈ యుద్ధం గురించి ఎక్కువగా వినిపించే మాట, "తమవాళ్లను వదలకుండా బయటపడ్డారు" అన్నది. ఆ మాటలో చాలా నిజం ఉంది. కానీ "తమవాళ్లు" అంటే ఎవరు? మేము ఆ ప్రశ్న పట్టుకునే ఈ కథ చదివాం.

ముందు పేరు సంగతి

ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని "చోసిన్ జలాశయ యుద్ధం" అంటారు. అక్కడి జనం ఆ చోటును చోసిన్ అనరు, చాంగ్‌జిన్ అంటారు. మరి చోసిన్ ఎక్కడి నుంచి వచ్చింది? 1910 నుంచి 1945 దాకా కొరియాను జపాన్ పాలించింది. ఊళ్ల పేర్లు రాసిన అక్షరాలను జపాన్‌వాళ్లు తమ భాషలో చదువుకున్నారు, పటాల్లో అలాగే ఎక్కించారు. తర్వాత వచ్చిన అమెరికా సైన్యం చేతిలో ఉన్నవి ఆ జపాన్ పటాలే. అలా పరాయి ఏలుబడి పెట్టిన పేరు మరో పరాయి సైన్యం చరిత్రలో స్థిరపడిపోయింది.

ఆ జలాశయం కూడా జపాన్ ఏలుబడిలో కట్టిందే. కొండ నదికి ఆనకట్ట కట్టి, నీళ్లను గొట్టాల్లో కిందికి దించి కరెంటు తీశారు. ఆ కరెంటు కింద సముద్రతీరంలోని కర్మాగారాలకు పోయింది. ఆ గొట్టాలున్న చోటు ఈ కథ చివర్లో మళ్లీ వస్తుంది, గుర్తుపెట్టుకోండి.

ఒకే ఒక్క దారి

1950 జూన్ 25న ఉత్తర కొరియా సైన్యం దక్షిణ కొరియా మీదికి వచ్చింది. అమెరికా నాయకత్వంలో ఐక్యరాజ్యసమితి సేనలు దక్షిణ కొరియా పక్షాన దిగాయి. సెప్టెంబరులో ఇంచాన్ రేవులో దిగాక యుద్ధం మలుపు తిరిగింది. ఉత్తర కొరియా సైన్యం చెదిరింది. ఐక్యరాజ్యసమితి సేనల అధిపతి జనరల్ మెకార్థర్ చైనా సరిహద్దులోని యాలూ నది దాకా పొమ్మన్నాడు. క్రిస్మస్ నాటికి పని ముగుస్తుందన్న ఆశ పైనుంచి కింది దాకా పాకింది. సరిహద్దు దాకా వస్తే ఊరుకోమని చైనా హెచ్చరించింది. ఆ హెచ్చరికను పెద్దలు తేలిగ్గా తీసుకున్నారు.

తూర్పు వైపున అమెరికా ఒకటో మెరైన్ డివిజన్ కొండలెక్కింది. హుంగ్నాం రేవు నుంచి జలాశయం పడమటి వైపున ఉన్న యుదాంని అనే ఊరి దాకా దాదాపు 125 కిలోమీటర్లు. ఉన్నది ఒకటే దారి. సగం దూరం మైదానం, ఆ తర్వాత ఘాట్ రోడ్డు. ఒక పక్క కొండ, ఇంకో పక్క లోయ. రెండు లారీలు ఎదురుపడితే ఒకటి ఆగాల్సిందే. దారి మీద వరుసగా చిన్హుంగ్ని, కోతోరి, హగారురి, చివర యుదాంని ఊళ్లు.

డివిజన్ అధిపతి ఆలివర్ స్మిత్‌కు ఈ దారి నచ్చలేదు. పై అధికారులు తొందరపెట్టినా నెమ్మదిగా నడిచాడు. ప్రతి ఊళ్లో తిండి, తూటాలు, మందులు నిల్వ చేయించాడు. హగారురిలో విమానాలు దిగే నేల చదును చేయించాడు. గడ్డకట్టి రాయిలా మారిన నేలను బుల్డోజర్లతో రాత్రిళ్లు దీపాల వెలుగులో తవ్వారు. ఈ ముందుచూపే తర్వాత వేల ప్రాణాలు కాపాడింది.

ఆ సమయంలోనే చైనా తొమ్మిదో సేనా సమూహం ఆ కొండల్లోకి చేరింది. పగలు అడవుల్లో, ఊళ్లలో దాక్కుని, రాత్రి నడిచి వచ్చింది. ఆకాశంలో తిరిగే విమానాలకు ఆ జాడ అందలేదు. జలాశయం చుట్టుపక్కల ఐక్యరాజ్యసమితి సేనలు 30 వేల వరకు ఉంటే, వాళ్లను కమ్ముకోవడానికి వచ్చినవాళ్లు సుమారు 1,20,000 మంది.

నవంబరు 27 రాత్రి

నవంబరు 27 రాత్రి బాకాలు, ఈలలు ఊదుతూ చైనా సైనికులు యుదాంని చుట్టూ ఉన్న గట్ల మీద పడ్డారు. జలాశయం తూర్పు ఒడ్డున అదే దాడి. మర్నాటికి ఊళ్ల మధ్య దారి కూడా తెగిపోయింది. ఒక్కో ఊరు ఒక్కో దీవి అయిపోయింది.

చలి రెండు వైపులవాళ్లతోనూ యుద్ధం చేసింది. తుపాకుల్లో నూనె గడ్డకట్టింది. రక్తానికి బదులు ఎక్కించే ప్లాస్మా సీసాల్లోనే గడ్డకట్టింది. మార్ఫిన్ మందు కరిగి ఉండాలని వైద్య సిబ్బంది దాన్ని నోట్లో పెట్టుకుని తిరిగారు. డబ్బాల్లోని తిండి రాయిలా బిగిసింది. చెమట పట్టిన కాళ్లు బూట్లలోనే గడ్డకట్టి వేళ్లు నల్లబడ్డాయి.

యుదాంనికి, హగారురికి మధ్యలో తోక్తోంగ్ కనుమ ఉంది. అది పోతే యుదాంనిలో ఉన్న రెండు రెజిమెంట్లు తిరిగి రాలేవు. ఆ కనుమ మీద కెప్టెన్ విలియం బార్బర్ కంపెనీ ఒక్కటే ఉంది. ఐదు రాత్రులు దాన్ని వదల్లేదు. కాలికి గాయమైన బార్బర్ స్ట్రెచర్ మీద పడుకునే అటూ ఇటూ తిప్పించుకుంటూ నడిపించాడు. 220 మందిలో చివరికి తమ కాళ్ల మీద నడిచి దిగగలిగింది 82 మంది.

వాళ్లను చేరడానికి రేమండ్ డేవిస్ బెటాలియన్ రోడ్డు వదిలేసి, రాత్రిపూట మోకాటి లోతు మంచులో కొండలకు అడ్డంపడి నడిచింది. ముందు దిక్సూచి పట్టుకుని దారి తీసిన అధికారి కర్ట్ చ్యూ-ఈన్ లీ. ఆయన తల్లిదండ్రులు చైనా నుంచి అమెరికా వలస వెళ్లినవాళ్లు. చేతికి గాయమై ఆసుపత్రిలో ఉండి, అక్కడి నుంచి తనవాళ్ల దగ్గరికి తిరిగి వచ్చినవాడు. ఎదుటి గట్టు మీద ఉన్నది తన తల్లిదండ్రుల దేశం సైన్యం.

గట్టు చేతిలో ఉంటేనే దారి

యుదాంని నుంచి హగారురి 22 కిలోమీటర్లు. డిసెంబరు 1న బయలుదేరిన దండు పూర్తిగా చేరేసరికి 4వ తేదీ అయింది. వాళ్లు నడిచిన పద్ధతి మన పెద్దలకు చెబితే వెంటనే అర్థమవుతుంది. ఘాట్ రోడ్డులో కింద నడిచేవాడి ప్రాణం పైన గట్టు మీద ఉన్నవాడి చేతిలో ఉంటుంది. అందుకే కొందరు రెండు వైపులా గట్లెక్కి, అక్కడున్న చైనా సైనికులను తరిమి, కింద బండ్లు దాటేదాకా ఆ చోటు పట్టుకుని ఉన్నారు. బండ్లు దాటాక తర్వాతి గట్టు. కింద లారీల్లో గాయపడ్డవాళ్లు. చోటు చాలక చనిపోయినవాళ్లను బండ్ల ముందు భాగాలకు, ఫిరంగి గొట్టాలకు కట్టారు. కాలు కదిలేవాడు లారీ ఎక్కలేదు.

హగారురిలో స్మిత్ ముందుగా చేయించిన నేల మీద డిసెంబరు 1 నుంచి విమానాలు దిగాయి. 4,300 మందికి పైగా గాయపడ్డవాళ్లను, చలికి దెబ్బతిన్నవాళ్లను అక్కడి నుంచి పంపించారు. తర్వాత సుమారు పదివేల మంది, వెయ్యి బండ్లు కోతోరికి కదిలాయి. 18 కిలోమీటర్లకు ఒకటిన్నర రోజు పట్టింది.

కోతోరి దాటాక అసలు చిక్కు వచ్చింది. మొదట చెప్పిన నీటి గొట్టాలు కొండ దిగే చోట రోడ్డు మీది వంతెనను చైనా సైనికులు పేల్చేశారు. ఒక పక్క నిట్టనిలువు కొండ, ఇంకో పక్క లోయ. చుట్టూ తిరిగి పోయే దారి లేదు. మనుషులు ఎలాగో దిగినా బండ్లు దిగలేవు, బండ్లు లేకపోతే గాయపడ్డవాళ్లు లేరు. ఇంజనీరు అధికారి జాన్ పార్ట్రిడ్జ్ ఇనుప వంతెన ముక్కలను విమానాల నుంచి జారవిడిపించాడు. ఒక్కో ముక్క టన్నుకు పైగా బరువు. ఎనిమిది విడిస్తే ఒకటి విరిగింది, ఒకటి చైనావాళ్ల వైపు పడింది. మిగతావి సరిపోయాయి. డిసెంబరు 9న వంతెన నిలిచింది. ఆ రాత్రి నుంచి బండ్లు అంగుళం అంగుళం దాటాయి. తాము వెనక్కి పోవడం లేదని, మరో దిక్కుకు దాడి చేస్తూ పోతున్నామని స్మిత్ అన్నట్టు పత్రికలు రాశాయి. చుట్టూ శత్రువు ఉన్నప్పుడు వెనక అనే దిక్కు ఉండదు కాబట్టి ఆ మాట వట్టి గొప్పలు కాదు.

ఇక్కడిదాకా పుస్తకాల్లో బాగా వినిపించే కథ. ఇందులో నేర్చుకోవాల్సింది ఉంది. ముందుచూపు, గట్టు పట్టడం, గాయపడ్డవాడిని మోసుకురావడం, ఈ మూడూ మంచి పాఠాలే. అయితే వాళ్లు కూడా అందరినీ తేలేకపోయారు. యుదాంని వదిలేటప్పుడు 85 మందిని అక్కడే పూడ్చారు. కోతోరిలో 117 మందిని ఒకే గుంటలో పూడ్చారు. బతికినవాళ్లకు చోటు కావాలి కాబట్టి చనిపోయినవాళ్లు ఆ కొండల్లో ఉండిపోయారు.

తూర్పు ఒడ్డు కథ

జలాశయం తూర్పు ఒడ్డున ఉన్నది మెరైన్లు కాదు. అమెరికా పదాతిదళం ఏడో డివిజన్ నుంచి వచ్చిన సుమారు 3,200 మంది. వాళ్లలో వందలాది మంది కొరియా యువకులు. దక్షిణ కొరియాలో వాళ్లను పట్టుకొచ్చి, కొద్ది వారాల శిక్షణ ఇచ్చి, అమెరికా కంపెనీల్లో కలిపారు. పక్కవాడి భాష వాళ్లకు రాదు, వాళ్ల భాష పక్కవాడికి రాదు.

ఈ దండు నాలుగు రాత్రులు నిలబడింది. నాయకుడు మెక్లీన్ పోయాక డాన్ ఫెయిత్ పగ్గాలు పట్టాడు. డిసెంబరు 1న గాయపడ్డవాళ్లను లారీలకెత్తి హగారురికి బయలుదేరారు. సొంత విమానం వేసిన నిప్పు బాంబు పొరపాటున వాళ్ల ముందు వరుస మీదే పడింది. పైన గట్లు చైనా సైనికుల చేతిలోనే ఉండిపోయాయి. డ్రైవర్లు ఒక్కొక్కరే నేలకొరిగారు. ఫెయిత్ కూడా చనిపోయాడు. హగారురి ఇక కొద్ది కిలోమీటర్లే ఉందనగా లారీలు ఆగిపోయాయి, గాయపడ్డవాళ్లు వాటిలోనే ఉండిపోయారు. నడవగలిగినవాళ్లు గడ్డకట్టిన జలాశయం మీదుగా ఒంటరిగా, జట్లుగా వచ్చారు. మెరైన్ అధికారి ఆలిన్ బీల్ జీపు తీసుకుని ఆ మంచు మీదికి వెళ్లి 300 మందికి పైగా తెచ్చాడు. ఒడ్డునున్న చైనా సైనికులు ఆయన్ను చాలావరకు కాల్చలేదు. 3,200 మందిలో ఇంకా పోరాడగల స్థితిలో మిగిలింది 385 మంది.

చాలా ఏళ్లపాటు ఈ తూర్పు ఒడ్డువాళ్లను ఓడిపోయి చెదిరినవాళ్లుగానే చూశారు. తర్వాత చరిత్రకారులు లెక్కలు తిరగేస్తే వేరే సంగతి తెలిసింది. ఆ నాలుగు రాత్రులు వాళ్లు చైనా డివిజన్లను ఆపకపోతే హగారురి నిలిచేది కాదు. హగారురి లేకపోతే విమానాలూ లేవు, తిరుగుదారీ లేదు.

ఎదుటి గట్టు మీదివాళ్లు

చైనా సైనికుల సంగతి కూడా చెప్పుకోవాలి. వాళ్లలో చాలామంది వెచ్చని తూర్పు చైనా నుంచి వచ్చినవాళ్లు. ఈ చలికి తగిన కోట్లు అందకముందే హడావుడిగా రైలెక్కించారు. కాళ్లకు గుడ్డ బూట్లు, పలచని దూది బట్టలు. తిండి గడ్డకట్టిన బంగాళాదుంపలు. పొగ వస్తే విమానాలు చూస్తాయని నిప్పు రాజేయలేదు. దారి పక్క గట్టు మీద మాటు వేసి, తుపాకులు గురిపెట్టి పడుకున్నట్టే బిగుసుకుపోయిన కంపెనీల గురించి చైనా చరిత్రలో రాసుకున్నారు. చైనా లెక్కల ప్రకారమే పోరులో నష్టపోయినవాళ్లు 19 వేలకు పైగా అయితే, చలి దెబ్బతీసినవాళ్లు 28 వేలకు పైగా. మెరైన్ డివిజన్‌లోనూ అంతే. తూటా తగిలినవాళ్ల కంటే చలి తగిలినవాళ్లే ఎక్కువ. ఒక వైపు తొందరపెట్టినవాళ్లు టోక్యోలో, ఇంకో వైపు తొందరపెట్టినవాళ్లు బీజింగ్‌లో వెచ్చగానే ఉన్నారు.

ఊళ్లవాళ్లు ఏమయ్యారు

పటంలో యుదాంని, హగారురి, కోతోరి అని చదివాం. అవి ఊళ్లు. వాటిలో ఇళ్లు, పొయ్యిలు, పశువులు, ముసలివాళ్లు ఉన్నారు. యుద్ధం పుస్తకాల్లో ఆ ఊళ్లు సైన్యం మకాములుగానే కనిపిస్తాయి. ఊళ్లవాళ్లు తిరుగుప్రయాణంలో బండ్ల వెనక నడుస్తూ కనిపిస్తారు. చైనా సైనికులు వాళ్లలో కలిసి వస్తారేమోనన్న భయంతో వాళ్లను దగ్గరికి రానివ్వలేదు. దండు దాటాక ఆ ఇనుప వంతెనను పేల్చేశారు.

అయినా జనం మంచులో దిగుతూ హుంగ్నాం రేవు చేరారు. అక్కడ సైన్యం ఓడలెక్కుతోంది. పౌరులను ఎక్కించుకోవాలన్న ఆలోచన మొదట లేదు. సేనాధిపతి ఆల్మండ్ దగ్గర పనిచేసిన కొరియా వైద్యుడు హ్యున్ బాంగ్-హక్ పట్టువదలకుండా అడిగాడు. మరికొందరు అధికారులు తోడయ్యారు. చివరికి 90 వేలకు పైగా పౌరులు ఓడలెక్కారు. మెరెడిత్ విక్టరీ అనే సరుకుల ఓడలో పన్నెండుమంది ప్రయాణికులకే చోటు. దాని కెప్టెన్ లెనర్డ్ లారూ 14 వేల మందిని ఎక్కించాడు. మూడు రోజుల ప్రయాణంలో ఎవరూ చనిపోలేదు, పైగా ఐదుగురు పిల్లలు పుట్టారు. ఎక్కలేక రేవులో మిగిలిన జనం కూడా ఉన్నారు. డిసెంబరు 24న సైన్యం రేవును పేల్చి వెళ్లిపోయింది.

ఆదివాసీలు లేరా?

మన పిల్లలు ఈ ప్రశ్న అడుగుతారు. ఉన్నారు. జలాశయం యుద్ధానికి మూడు వారాల ముందు, కొరియా పడమటి వైపున, నవంబరు 5 తెల్లవారుజామున ఒక గుట్ట మీద కాపలా ఉన్న సైనికుడు మిచెల్ రెడ్ క్లౌడ్. అమెరికాలోని హో-చంక్ తెగవాడు. ఆ తెగను బయటివాళ్లు చాలాకాలం విన్నెబాగో అని వేరే పేరుతో పిలిచారు. చైనా సైనికులు వస్తున్న అలికిడి ముందు పసిగట్టింది ఆయనే. తనవాళ్లను లేపి కాల్చడం మొదలుపెట్టాడు. గాయాలతో నిలబడలేక ఒక చెట్టును చేత్తో పట్టుకుని, ప్రాణం పోయేదాకా కాల్చాడు. వెనకవాళ్లకు సర్దుకునే సమయం దొరికింది. అమెరికా అత్యున్నత సైనిక పతకాన్ని ఆయన తల్లి అందుకుంది.

మన దేశం ఆ యుద్ధానికి పోరాడే సైన్యాన్ని పంపలేదు, వైద్య దళాన్ని పంపింది. లెఫ్టినెంట్ కర్నల్ ఎ.జి. రంగరాజ్ నాయకత్వంలో 60వ పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్ నవంబరులో కొరియా చేరింది. డిసెంబరులో ప్యాంగ్యాంగ్ వదిలి వెళ్లమన్నప్పుడు వాళ్లకు లారీలు లేవు. మందులు, పరికరాలు వదిలేస్తే అక్కడ వాళ్లు చేయగలిగింది ఏమీ ఉండదు. ఒక పాత ఆవిరి ఇంజను, కొన్ని పెట్టెలు వెతికి పట్టుకున్నారు. ఇంజను నడపడం తెలిసినవాళ్లు తమలోనే దొరికారు. సామాను ఎక్కించి, వంతెన పేల్చకముందే నది దాటారు. తర్వాత సైనికులకూ ఊళ్లవాళ్లకూ వైద్యం చేశారు.

71 ఏళ్ల తర్వాత

2018లో ఉత్తర కొరియా 55 పెట్టెల్లో ఎముకలు అమెరికాకు అప్పగించింది. వాటిలో చాంగ్‌జిన్ తూర్పు ఒడ్డు నుంచి వచ్చినవీ ఉన్నాయి. అన్నీ అమెరికావాళ్లవి కావని పరీక్షల్లో తెలిసింది. 2021 సెప్టెంబరులో దక్షిణ కొరియా అధ్యక్షుడు మూన్ జే-ఇన్ హవాయి వెళ్లి తమ సైనికుల ఎముకలను వెంట తెచ్చుకున్నారు. ఆయన తల్లిదండ్రులు హుంగ్నాంలో మెరెడిత్ విక్టరీ ఎక్కి వచ్చినవాళ్లు. ఆ ఎముకల్లో అప్పటికి పేరు తేలినవి ఇద్దరివి. ఇద్దరూ ఏడో డివిజన్‌లో కలిపిన కొరియా యువకులే. ఒకరి మునిమనవరాలు సైన్యంలో నర్సు అధికారిగా ఉంది. ముత్తాత ఎముకలకు తోడుగా ఆమె అదే విమానంలో వచ్చింది. అంటే లెక్కలోకి రావడానికి ఆ యువకుడికి 71 ఏళ్లు పట్టింది.

అందుకే ఉపాధ్యాయ మిత్రులకు మాదొక మనవి. ఏ యుద్ధం పాఠం చెప్పినా పిల్లలతో మూడు ప్రశ్నలు అడిగించండి. ఈ చోటును అక్కడివాళ్లు ఏమని పిలుస్తారు? ఇక్కడ ఎవరి ఇళ్లున్నాయి? ఇక్కడి నుంచి రానివాళ్లు ఎవరు? బార్బర్ ధైర్యాన్ని మెచ్చుకుంటూనే ఈ ప్రశ్నలు అడగవచ్చు.

ఆ తర్వాత పిల్లలను మీ ఊరి పెద్దల దగ్గరికి పంపండి. ఊరి చుట్టూ ఉన్న ప్రతి కొండకు, గట్టుకు, గెడ్డకు మన భాషలో ఉన్న పేరు అడిగి రాసుకు రమ్మనండి. సర్వే పటంలో ఉన్న పేరు పక్కన ఆ పేరు రాయించండి. ముసలివాళ్లు ఉండగానే ఈ పని చేయాలి. చాంగ్‌జిన్‌ను చాంగ్‌జిన్ అని పిలిచేవాళ్లు ఇంకా ఉన్నారు కాబట్టే ఆ పేరు మనదాకా వచ్చింది.